బూడిదకు అలవాటైన చేయి

స్కూటరు హ్యాండిలు ముందు బిగించే పారదర్శక షీటు, హెల్మెట్ వైజరు, ఆటో పక్కతెరకు కుట్టిన ప్లాస్టిక్ కిటికీ, ఇప్పటి కార్ల హెడ్‌లైటు మూత: ఇవన్నీ విజయవాడ ఎండకూ దుమ్ముకూ త్వరగా మసకబారతాయని అందరూ అనుకునేదే. ఎండ తప్పు కొంత ఉంది, దుమ్ము తప్పు ఇంకొంత ఉంది. మిగిలిన నేరం వాటిని తుడిచే చేతిది. ఆ చేయి పని రానిది కాదు. గాజునీ ఇత్తడినీ ఇనుమునీ తళతళలాడించడం తరాలుగా నేర్చుకుని వచ్చింది. వస్తువు మారిన సంగతి ఎవరూ చెప్పకపోవడంతో పాత పనితనాన్నే కొత్త వస్తువు మీద చూపిస్తోంది. ఇదే కృష్ణా డెల్టాలో సున్నితమైన వస్తువులను కాపాడుకునే మరో శుభ్రతా సంప్రదాయం కూడా ఉంది. అది బళ్ళు బాగుచేసే షెడ్డుల దాకా రాలేదు. ఎందుకు రాలేదో తెలుసుకుంటే, ప్లాస్టిక్ అద్దానికి ఏది వాడాలి, ఏది వాడకూడదు అన్న ప్రశ్నకు జవాబు చాలావరకు అందులోనే దొరుకుతుందని నా వాదన.

మొదటి పనితనం పుట్టింది వరి పొలాల పక్కన. 1855లో బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట పూర్తయ్యాక కాలువలు పారినంత మేరా వరి పెరిగింది. వరితో పాటు ధాన్యం మరలు, మరల వెనక ఊక గుట్టలు పెరిగాయి. ఊక పొయ్యిలోకి వెళ్ళి బూడిదై బయటికి వచ్చేది. కొబ్బరి పీచునో వరిగడ్డి చుట్టనో అందులో ముంచి అంట్లు తోమేవారు. ఊక బూడిదలో నూటికి 85 నుంచి 95 పాళ్ళ దాకా సిలికా ఉంటుంది. ఇసుకలో ఉండేదీ, గాజుకు మూలమైనదీ అదే. కట్టెల బూడిదలో అయితే క్షారం ఎక్కువ, అది జిడ్డును పట్టి వదిలిస్తుంది. ఒకటి గీకేది, ఒకటి కరిగించేది. మసిపట్టిన గిన్నెకు ఆ రెండింటినీ మించిన మందు లేదు. లాంతరు చిమ్నీకీ అదే వైద్యం. కిరోసిన్ దీపాలు వచ్చాక సాయంత్రం పూట చిమ్నీ తుడవడం ఇంటి నిత్యవిధుల్లో ఒకటైంది. మెత్తటి ముగ్గో జల్లించిన బూడిదో చిటికెడు వేసి, గుడ్డపీలిక లోపలికి దోపి, తిప్పుతూ రుద్దితే మసి పోయి గాజు మెరిసేది. గాజు కూడా గట్టిదే కాబట్టి మెత్తటి బూడిద దాన్ని కంటికి కనిపించేంతగా గీకలేకపోయేది. పారదర్శకమైన వస్తువును ఎలా శుభ్రం చేయాలన్న పాఠం డెల్టాలో చాలా ఇళ్ళకు మొదట ఈ చిమ్నీ దగ్గరే దొరికింది. పొడిగా రుద్దాలి, గట్టిగా రుద్దాలి, మెరుపు వచ్చేదాకా రుద్దాలి.

మోటార్లు వచ్చినప్పుడు ఆ పాఠానికి ఎదురుచెప్పే వస్తువేదీ వాటితో గట్టిగా నిలబడలేదు. తొలినాటి గుడ్డ టాపు కార్ల పక్కతెరల్లో సెల్యులాయిడ్ రేకులు ఉండేవి, నిజమే. అవి పసుపెక్కి, పెళుసెక్కి, చిట్లిపోయేవి. నిప్పు తగిలితే క్షణంలో బుగ్గయ్యేవి. వాటిని ఎవరూ శాశ్వతమనుకోలేదు. వాటిని తుడవడం గురించి తల బద్దలు కొట్టుకోనూ లేదు. డ్రైవరు నమ్ముకున్న ముందద్దం మాత్రం గాజే, తర్వాత రెండు గాజు పలకల మధ్య పొర అతికిన గాజు. దానికి చిమ్నీ పాఠం చక్కగా సరిపోయింది. బూడిద స్థానంలో పాత పేపరు వచ్చింది. ‘విశాలాంధ్ర’ 1952లో, ‘ఆంధ్రజ్యోతి’ 1960లో విజయవాడలోనే పుట్టాయి. పొద్దున చదివిన పత్రిక నాలుగు రోజుల తర్వాత లారీ అద్దం తుడవడానికి పనికొచ్చేది. పేపరు ఉండచుట్టి, నీళ్ళు చిలకరించి రుద్దితే గాజు మీద పీచు మిగలదు. ఇప్పటికీ గాజుకు అది మంచి పద్ధతే.

కృష్ణా జిల్లాలో మోటారు వ్యాపారం ఎంత లోతుగా వేళ్ళూనిందో చెప్పడానికి 1958 నాటి సుప్రీంకోర్టు తీర్పు ఒకటి చాలు. ఆ ఏడాది జనవరిలో ఏర్పడిన ఆర్టీసీకి జిల్లా రూట్లు అప్పగించడానికి ప్రభుత్వం పూనుకుంటే, ఏళ్ళ తరబడి బస్సులు నడుపుతున్న యజమానులు కోర్టుకెక్కారు. గుళ్ళపల్లి నాగేశ్వరరావు పేరుతో నిలిచిపోయిన ఆ కేసులో, అభ్యంతరాలు విన్నది ఒకరు, నిర్ణయం తీసుకున్నది మరొకరు అన్న లోపాన్ని ఎత్తిచూపి కోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. సహజన్యాయం గురించి చదివే లా విద్యార్థులకు ఆ కేసు నేటికీ పాఠమే. మనకు ఇక్కడ కావలసింది ఆ బస్సుల వెనక ఉన్న పనివాళ్ళు. 1957లో ప్రకాశం బ్యారేజీ మీద రోడ్డు పడి గుంటూరు వైపు దారి సుగమం కావడంతో, మద్రాసు–కలకత్తా రోడ్డూ హైదరాబాదు–బందరు రోడ్డూ కలిసే ఈ ఊరు లారీలకు మజిలీ అయింది. ప్రతి లారీకీ ఒక డ్రైవరు, ఒక క్లీనరు. బండి కడగడం, అద్దం తుడవడం, టైరు మార్చడం క్లీనరు కుర్రాడి పనులు. ఏళ్ళు గడిచాక వాడే డ్రైవరయ్యేవాడు, తన కింద మరో క్లీనరును పెట్టుకునేవాడు. ఏ పుస్తకం లేకుండా, ఏ పరీక్ష లేకుండా, అద్దం తుడిచే పద్ధతి ఒక చేతి నుంచి మరో చేతికి అలా అందుతూ వచ్చింది.

1960ల్లో వెలిసిన జవహర్ ఆటోనగర్ ఈ విద్యకు గురుకులం అయింది. ఆసియాలోనే పెద్దదని ఊరివాళ్ళు గర్వంగా చెప్పుకునే ఆ పేటలో ఇంజను పనీ బాడీ కట్టే పనీ ఒక్కచోట చేరాయి. డెంటింగ్, పెయింటింగ్, లేతు, సీటు కుట్టే పని, విద్యుత్తు పని, అన్నీ పక్కపక్క షెడ్డులే. మేస్త్రీ దగ్గర చేరిన పిల్లవాడు మొదట నేర్చుకునేది శుభ్రం చేయడమే. గ్రీజు పట్టిన బేరింగును కిరోసిన్‌లో ముంచాలి. కార్బ్యురేటరును పెట్రోలుతో కడగాలి. పెయింటు మరక పడితే థిన్నరుతో తుడవాలి. చేతిలో ఎప్పుడూ బనియన్ వేస్టు ఉంటుంది. దానికి అంటిన ఇనుప రజను ఎవరి కంటికీ ఆనదు. గ్రీజు వదిలిందా లేదా, మరక పోయిందా లేదా అన్నది అక్కడికక్కడే తేలిపోతుంది. చేసిన పనికి ఫలితం వెంటనే కనిపించే చోట పనివాడు వేగంగా, సరిగ్గా నేర్చుకుంటాడు. ఆటోనగర్ గొప్పతనానికి కారణం అదే. ప్లాస్టిక్ దగ్గర ఆ విద్య దెబ్బతినడానికీ అదే కారణమని నా అభిప్రాయం.

ప్లాస్టిక్ అద్దం మెల్లగా, చప్పుడు లేకుండా వచ్చింది. అక్రిలిక్ 1930ల్లో జర్మనీలో ప్లెక్సీగ్లాస్ పేరుతోనూ, ఇంగ్లండులో పెర్‌స్పెక్స్ పేరుతోనూ బజారుకెక్కి, యుద్ధవిమానాల పైకప్పు గోళాలుగా పేరు తెచ్చుకుంది. పాలీకార్బనేటును 1953లో జర్మనీలో ఒకరు, అమెరికాలో మరొకరు, ఒకరికొకరు తెలియకుండా తయారుచేశారు. మన రోడ్ల మీద అక్రిలిక్ స్కూటరు ముందు గాలి ఆపే షీటుగా, పాలీకార్బనేటు తర్వాతి కాలంలో హెల్మెట్ వైజరుగా, హెడ్‌లైటు మూతగా కనిపించాయి. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో నూరవ నియమం వాహనాల అద్దాలకు సేఫ్టీ గ్లాసు ఉండాలంటూనే, మూడు చక్రాల బళ్ళకూ, టాపూ పక్కతెరలూ ఉండే బళ్ళకూ కిటికీల్లో అక్రిలిక్కో పారదర్శక ప్లాస్టిక్ షీటో వాడుకోవచ్చని మినహాయింపు ఇచ్చింది. వానాకాలంలో ఆటో పక్కతెరలకు మెత్తటి పీవీసీ కిటికీలు కుట్టే సీటు షాపులకు ఆ నియమం అంకె తెలియకపోవచ్చు, వాళ్ళు చేస్తున్నది ఆ మినహాయింపు కిందే. అంటే పెద్ద బళ్ళ ముందద్దం గాజుగానే ఉండిపోయింది. దాని చుట్టూ ఒక్కొక్కటిగా ప్లాస్టిక్ చేరింది. గుడ్డ, సీసా, చేయి మాత్రం అన్నింటికీ ఒకటే.

ఈ చేతి వల్ల ప్లాస్టిక్‌కు రెండు రకాల నష్టం జరుగుతుంది. మొదటిది గీత. గాజు కన్నా అక్రిలిక్ ఎంతో మెత్తన, పాలీకార్బనేటు ఇంకా మెత్తన. అందుకే మంచి వైజర్ల మీద, హెడ్‌లైటు మూతల మీద గట్టి పూత ఒకటి వేస్తారు. పొడి గుడ్డతో దుమ్ము తుడిస్తే ఆ దుమ్ములోని ఇసుక రేణువులే గీతలు గీస్తాయి. పైగా పొడిగా రుద్దిన ప్లాస్టిక్‌లో స్థిర విద్యుత్తు పుట్టి మళ్ళీ దుమ్మును పిలుచుకుంటుంది, దానితో మళ్ళీ తుడవాలి. రెండోది పగులు. అసలు పేచీ దీనితోనే. అక్రిలిక్, పాలీకార్బనేటు రెండూ పొడవాటి అణువుల గొలుసులు అల్లుకున్న పదార్థాలు. థిన్నరులోని టోలీన్, అసిటోన్ లాంటివి, పెట్రోలులోని సువాసన జాతి హైడ్రోకార్బన్లు ఆ గొలుసుల మధ్యకు దూరి వాటి పట్టు సడలిస్తాయి. షీటును వంచిన చోట, స్క్రూ బిగించిన చోట అప్పటికే ఒత్తిడి ఉంటుంది. సడలిన చోట ఆ ఒత్తిడి వెంట్రుకవాసి పగుళ్ళుగా బయటపడుతుంది. ఒక్కోసారి వెంటనే, చాలాసార్లు రోజులు గడిచాక. ఇవాళ తుడిచిన పెట్రోలుకూ వచ్చేవారం కనిపించిన చిట్లుకూ సంబంధం ఉందని ఎవరికి తడుతుంది? పైగా తుడిచిన నిమిషంలో షీటు కొత్తదానిలా మెరుస్తుంది. ఫలితాన్ని వెంటనే చూసి నేర్చుకునే విద్యకు ఇంతకన్నా పెద్ద మోసం ఉండదు. శిక్ష ఆలస్యంగా పడుతుంది, పొగడ్త మాత్రం ముందే వచ్చేస్తుంది. పగులు వచ్చాక నింద షీటు నాణ్యత మీదికో, రోడ్డు గుంతల మీదికో, ఎండ మీదికో పోతుంది.

దీనికి షెడ్డుల నుంచి వచ్చే జవాబు ఊహించగలిగిందే: ఏళ్ళ నుంచి పెట్రోలు గుడ్డతో తుడుస్తున్నాం, ఎన్నో షీట్లు బాగానే ఉన్నాయి. ఈ మాటను కొట్టిపారేయడానికి లేదు, దాని వెనక కళ్ళారా చూసిన అనుభవం ఉంది. బల్లపరుపుగా, ఏ ఒత్తిడీ లేకుండా ఉన్న షీటు మీద తడి గుడ్డ ఒకసారి పోతే, పెట్రోలు లోపలికి దిగేలోపే ఆవిరైపోవచ్చు. అయితే అదే అనుభవాన్ని ఇంకొంచెం దగ్గరగా చూడమనాలి. చిట్లిన షీట్లలో పగులు ఎక్కడ మొదలైంది? షీటు నడిమధ్యలో మొదలయ్యేది అరుదు. స్క్రూ రంధ్రం చుట్టూ, వంపు దగ్గర, కోసిన అంచు వెంట మొదలవుతుంది. గుంతల కుదుపే ఏకైక కారణమైతే పెట్రోలు తగలని షీట్లూ అంతే వేగంగా చిట్లాలి. కిరోసిన్ విషయంలో మాత్రం నింద తగ్గించాల్సిందే. విమానాల అక్రిలిక్ కిటికీల మీద జిడ్డు పడితే నాఫ్తా, కిరోసిన్ లాంటి వాటితో మెల్లగా వదిలించి వెంటనే సబ్బునీళ్ళతో కడగవచ్చని నిర్వహణ పుస్తకాలే ఒప్పుకున్నాయి; పెట్రోలు, అసిటోన్, బెంజీన్, లక్క థిన్నరు, ఇంట్లో కిటికీ గాజులకు వాడే స్ప్రేలు మాత్రం నిషేధించాయి. ఒకే ముడిచమురు నుంచి, ఒకే వాసన జాతి నుంచి వచ్చిన రెండు నూనెల్లో ఒకటి ఓర్చుకోదగ్గది, ఒకటి కాదు. ‘ఏదైనా నూనే కదా’ అనే షెడ్డు లెక్క ఇక్కడ పారదు. పాలీకార్బనేటుకైతే అసలు ఏ నూనే వద్దు అనడమే క్షేమం.

ఇక డెల్టాలోని రెండో సంప్రదాయం దగ్గరికి వద్దాం. బూడిదతో గిన్నెలు తోమిన ఇల్లాలే పట్టుచీరను బూడిద దరిదాపుల్లోకి రానివ్వలేదు. దానికి కుంకుడు రసం. కాయలు కొట్టి, గింజ తీసి, వేడినీళ్ళలో నానబెట్టి, పిసికి, వడగట్టి, ఆ నురుగులో చీరను ముంచి తీయడమే తప్ప బండకేసి బాదడం లేదు. కంసాలి నగకు మెరుగు పెట్టాక మురికి వదిలించడానికి వాడిందీ కుంకుడు నీళ్ళూ మెత్తటి కుంచే. కుంకుడులోని సాపోనిన్లు జిడ్డును ఎత్తి నీటిలో తేలుస్తాయి. ఆ రసం కొద్దిగా ఆమ్ల గుణం గలది, బట్టల సబ్బులా క్షారం కాదు. పెడన కలంకారీ పనివాళ్ళ దగ్గర ఇంకా లోతైన పాఠం ఉంది. అద్దకం వేసిన బట్టను కాలువ ప్రవాహంలో ఉతుకుతారు, నిలవ నీళ్ళు పనికిరావు. వదిలిన రంగు, కరక్కాయ కషాయపు మిగులు తెల్లని భాగం మీద మళ్ళీ కూర్చోకుండా పారే నీరే మోసుకుపోవాలి. మురికిని రుద్ది తీయడం ఒక దారి, పారించి పంపడం మరో దారి. ప్లాస్టిక్ అద్దానికి కావలసింది రెండోది. విమాన నిర్వహణ పుస్తకాలు చెప్పేదీ అదే: ముందు ధారాళంగా నీళ్ళు, తర్వాత తేలికపాటి సబ్బునీళ్ళతో ఉంగరం లేని ఉత్త అరచేయి, గరుకు తగిలిందా లేదా అని తడుముతూ; చివర మెత్తటి గుడ్డతో అద్ది తడి తీయడం. రెండో ప్రపంచ యుద్ధకాలంలో సైనిక స్థావరంగా మొదలైన గన్నవరం విమానాశ్రయంలో ఇవాళ దిగే విమానాల్లో ప్రయాణికుడు తల ఆనించే కిటికీ అక్రిలిక్కే. ఆటోనగర్‌కూ ఆ రన్‌వేకూ మధ్య ఉన్నది ఒక్క జాతీయ రహదారి ముక్క.

అంతకన్నా దగ్గరలోనే మరో వృత్తి పారదర్శక ప్లాస్టిక్‌తో దశాబ్దాల పాటు సంసారం చేసింది. 1921లోనే మారుతి సినిమా హాలు వెలిసిన ఊరు ఇది. తెలుగు సినిమా పంపిణీకి రాజధాని అయింది ఈ ఊరి గాంధీనగర్. అక్కడి ఆఫీసుల నుంచి రేకు డబ్బాల్లో జిల్లాల హాళ్ళకు వెళ్ళి తిరిగొచ్చిన రీళ్ళు సెల్యులోజు ప్లాస్టిక్ పట్టీలు. వాటి మీద ఇసుక రేణువు పడి గీత గీస్తే తెర మీద వాన కురిసినట్టు కనిపిస్తుందని ఆపరేటర్లందరికీ తెలుసు. అందుకే రీలును చేతివేళ్ళతో అంచులే పట్టుకోవడం, మెత్తటి వెల్వెట్ మధ్య నుంచి లాగడం, తగిన ద్రావకం మాత్రమే వాడడం ఆ వృత్తిలో మర్యాదలు. గీత వెంటనే తెర మీద వందలమందికి కనిపించేది, ప్రేక్షకుడు ఈలవేసి నిలదీసేవాడు, పంపిణీదారుకు డబ్బు నష్టం. ఫలితం కళ్ళముందే ఉన్నచోట ప్లాస్టిక్ పట్ల కూడా అదే ఊరు ఎంత జాగ్రత్త నేర్చుకుందో చూడండి. ఒక హెచ్చరిక మాత్రం అవసరం. సినిమా రీళ్ళు తుడవడానికి ఆ రోజుల్లో ప్రపంచమంతటా వాడిన కార్బన్ టెట్రాక్లోరైడు రీలుకు క్షేమమే గానీ అక్రిలిక్‌కు శత్రువు, మనిషి కాలేయానికి అంతకన్నా పెద్ద శత్రువు. గాంధీనగర్ నుంచి ఆటోనగర్ తెచ్చుకోవలసింది ఆ సీసా కాదు, ఆ మర్యాదలు.

డెల్టాలోని ఆ రెండో సంప్రదాయం షెడ్డుల్లోకి ఎందుకు రాలేదు? కుంకుడు ఆడవాళ్ళ పెరటి విద్య, ఆటోనగర్‌లో మేస్త్రీలూ కుర్రాళ్ళూ అందరూ మగవాళ్ళు. లాంతరు, బండి, ఇనుము వైపు నుంచి వచ్చిన విద్యే షెడ్డులోకి అడుగుపెట్టింది. పట్టుచీర, బంగారం వైపు నుంచి రావలసింది వాకిట్లోనే ఆగిపోయింది. దీనిమీద ఒక న్యాయమైన అభ్యంతరం ఉంది. థిన్నరూ పెట్రోలూ బామ్మల బూడిద నుంచి పుట్టలేదు, పెయింటు కంపెనీల నుంచి, ఇంజను విప్పే అవసరం నుంచి పుట్టాయి. మరి చిమ్నీ దాకా వెళ్ళి చరిత్ర తవ్వడమెందుకు అని అడగవచ్చు. సరుకు కొత్తదే, ఒప్పుకుంటాను. ఆ సరుకును అద్దం మీద వాడవచ్చన్న ధీమా మాత్రం పాతది. పారదర్శకమైనదంతా గట్టిదనీ, తళతళలాడితే శుభ్రమైనట్టేననీ, ఎంత గట్టిగా రుద్దితే అంత మంచిదనీ గాజు నేర్పిన నమ్మకం ముందే లేకపోతే, పెయింటు మరకకు తెచ్చిన సీసా వైజరు దాకా పోయేది కాదు.

రెండో అభ్యంతరం ఎదుటి వైపు నుంచి వస్తుంది: ఇదంతా పూర్వీకుల గొప్ప చెప్పుకోవడమేనా, పాలీకార్బనేటుకు కుంకుడు రసం పూయమంటారా? అలా అనడం లేదు. పాలీకార్బనేటు పుట్టకముందు మనుషులు దాని సంగతి తెలుసుకుని ఉండరు. నిజానికి కుంకుడు రసంలో తొక్క నలకలు మిగిలితే అవే గీతలు గీస్తాయి. సన్న గుడ్డలో రెండుసార్లు వడగట్టే ఓపిక లేనివాళ్ళు దాని జోలికి పోకపోవడమే మంచిది. పల్లెటూరి కుర్రాళ్ళు బైకు కడగడానికి వాడే చిన్న షాంపూ ప్యాకెట్టు ఈ పనికి కుంకుడు కన్నా సులువు, అంతే క్షేమం. గిన్నెలు తోమే ద్రవం రెండు చుక్కలు బకెట్టు నీళ్ళలో వేసుకున్నా సరిపోతుంది. బట్టల సబ్బు పొడి మాత్రం వద్దు. అందులో సోడా ఉంటుంది, పాలీకార్బనేటుకు క్షారం పడదు, కరగని పలుకు ఉంటే గీత కూడా. అంట్లు తోమే పొడీ ఆకుపచ్చ పీచూ అయితే ఊక బూడిదకు వారసులే. పేపరు గాజుకే. గాజు మెరిపించే స్ప్రే సీసా మీద కారు బొమ్మ ఉన్నంత మాత్రాన నమ్మకూడదు. అందులో అమోనియా ఉంటే పాలీకార్బనేటుకు, ఆల్కహాలు ఉంటే ఒత్తిడిలో ఉన్న అక్రిలిక్‌కు ముప్పు. పసుపెక్కిన హెడ్‌లైటుకు టూత్‌పేస్టు రాస్తే తేటపడుతుందన్న చిట్కా పూర్తిగా అబద్ధం కాదు. పేస్టులోని సన్నటి పలుకు పైపొరను అరగదీస్తుంది, దానితో పసుపూ పోతుంది, ఎండనుంచి కాపాడే పూతలో మిగిలినదీ పోతుంది. కొన్ని నెలలకు హెడ్‌లైటు ముందుకన్నా ఎక్కువ పసుపెక్కుతుంది.

సీసా ఎంపిక సగం పనే. తక్కిన సగం ఈ నేల మీద పడే దుమ్ములో, ఈ నేల కింద ఉండే నీళ్ళలో ఉంది. 1979లో ఇబ్రహీంపట్నం దగ్గర థర్మల్ విద్యుత్ కేంద్రం మొదలైనప్పటి నుంచి కొండపల్లి వైపు రోడ్ల మీద బొగ్గు బూడిద తిరుగుతోంది. అది కూడా ఎక్కువ భాగం సిలికా, అల్యూమినాయే. అంట్ల గిన్నె దగ్గర మానేసిన బూడిద అలా పిలవకుండానే అద్దం మీదికి వచ్చి కూర్చుంది. ఆ బూడిద మీద పొడి గుడ్డ వేసి ఒక్కసారి లాగితే, తర్వాత ఎంత ఖరీదైన క్లీనరు చల్లినా లాభం లేదు. వరద రోజుల్లో కాలువల్లో వచ్చే ఎర్రనీటిలో ఒండ్రు ఉంటుంది; లారీ చక్రాలకు పనికొచ్చే ఆ నీరు వైజరుకు పనికిరాదు. బందరు, దివిసీమ వైపు బోరు నీళ్ళు ఉప్పగా, గట్టిగా ఉంటాయి. అవి ఎండలో ఆరిపోతే తెల్లటి మచ్చలు కడతాయి, ఆ మచ్చలను వదిలించాలని మళ్ళీ గోకుడు మొదలవుతుంది. కాబట్టి నీడలో, తేట కుళాయి నీళ్ళతో, తడి ఆరకముందే మెత్తటి పాత పంచె ముక్కతో అద్దడం. ఆ పంచె ముక్కను షెడ్డులోని వేస్టు గుట్టలో కలపకుండా వేరుగా దాచుకోవడం.

చివరి అభ్యంతరం డబ్బు లెక్క. వైజరు కొన్ని వందల రూపాయలదే, ఆటో తెర కిటికీ ఇంకా చవక, మసకబారితే మార్చేస్తే పోదా? మార్చేస్తే నిజంగా పోతుంది. కానీ ఎవరూ మార్చరు. మసక మెల్లగా వస్తుంది కాబట్టి కన్ను దానికి అలవాటు పడిపోతుంది. పగటిపూట ఆ గీతలు కనిపించవు కూడా. రాత్రి బందరు రోడ్డు మీద ఎదురు లారీ హెడ్‌లైటు పడినప్పుడు ఒక్కో గీతా వెలుగును చెదరగొట్టి కళ్ళముందు తెల్లటి ముసుగు వేస్తుంది. ఆ ముసుగు వెనకే గేదె ఉండవచ్చు, లైటు లేని ట్రాక్టరు ఉండవచ్చు. వాహనాల ముందూ వెనకా అద్దాల్లోంచి కనీసం 70 శాతం, పక్క అద్దాల్లోంచి 50 శాతం వెలుగు లోపలికి రావాలని నియమం ఉంది. 2012లో సుప్రీంకోర్టు అద్దాలకు అంటించే నల్ల ఫిల్ములను నిషేధించింది ఆ నియమం ఆధారంగానే. ఫిల్ము అంటించిన కారును పోలీసు ఆపుతాడు. గీతలతో పాలరంగుకు తిరిగిన వైజరును ఆపే పోలీసు లేడు, ఆపాలని చట్టాన్ని అడగడం కూడా అతిశయమే.

అడగవలసింది ఆటోనగర్‌నే. దశాబ్దాలుగా గ్రీజు మరకలతోనే ఎన్నో విద్యలు నేర్పిన ఆ షెడ్డులకు ఇది పెద్ద పని కాదు. ప్లాస్టిక్ షీటు బిగించే ప్రతి షాపూ, హెల్మెట్ అమ్మే ప్రతి కొట్టూ బిల్లు కింద రెండు వాక్యాలు అచ్చు వేయించాలి: ‘దీనికి పెట్రోలు, థిన్నరు, గాజు స్ప్రే తగలనివ్వకండి. ముందు నీళ్ళు పోసి, షాంపూ నీళ్ళతో చేత్తో కడిగి, మెత్తటి గుడ్డతో అద్దండి.’ సీటు షాపులో ఆటో తెర కుట్టే మేస్త్రీ ఆ మాటను తన దగ్గరున్న కుర్రాడికి నోటితో చెప్పినా సరిపోతుంది. ఆ పేటలో విద్య ఇన్నాళ్ళూ అలాగే అందింది.